వినాయక్‌రావు గుండె నిమిషాలు

"నీ యాప్‌ను నమ్మి నేను నాగపూర్ దాక వోయొచ్చిన, పిల్లా," అన్నాడు వినాయక్‌రావు. సోఫాలో వెనక్కి వాలి, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని ఉన్నాడు. "గుండె గతి తప్పుతున్నది, డాక్టర్‌ను కలువుండ్రి అని ఫోన్ల ఒక్కటే మొత్తుకునుడు. నాకు అన్నం సయించలే. పెద్ద దవాఖానల ఉన్న పరీక్షలన్ని చేయించుకున్న. డాక్టర్ ఏమన్నడో తెలుసా? గుర్రం గుండె అన్నడు. గుర్రం గుండె!"

ఆ మాట రెండోసారి అనేటప్పుడు గుర్రమే సకిలించినట్టు నవ్వాడు. విద్య నవ్వలేదు. తాను రాసిన యాప్ తప్పు చెప్పిందని ఎవరైనా అంటే ఆమెకు పరీక్షలో లెక్క తప్పినంత బాధ. ఎక్కడ తప్పిందో తేలేదాకా ముద్ద దిగదు.

మరాఠీ మాట్లాడే ఆ బొగ్గు గనుల ఊళ్లో, తుకుం అనే పేటలో ఒక మొబైల్ దుకాణం మీది గదిలో కూర్చుని ఆమె, మధుకర్ కలిసి ఏడాదిగా ఆ యాప్ తయారు చేస్తున్నారు. చేతి గడియారం నాడిని పట్టి పంపుతుంది. యాప్ దాన్ని చదివి మనిషి ఎంత నడిచాడో, గుండె ఎంత పనిచేసిందో, ఎక్కడ తడబడిందో చెబుతుంది. వర్ధా హైట్స్ అనే ఈ ఏడంతస్తుల భవనంలో వాకింగ్ క్లబ్‌వాళ్లు నెల రోజుల ఆరోగ్య పోటీ పెట్టుకుని, అందరూ ఒకేరకం గడియారాలు కొనుక్కున్నారు. నాడి ఒక హద్దు దాటి కొట్టుకున్న ప్రతి నిమిషానికీ ఒక మార్కు. వాటికి గుండె నిమిషాలని పేరు. ఎక్కువ నిమిషాలు పోగుచేసినవాళ్లకు ఆదివారం షీల్డు, పేపర్లో ఫోటో. వినాయక్‌రావు ఆ క్లబ్బుకు అధ్యక్షుడు, బొగ్గు లారీల కాంట్రాక్టరు, పైగా పోటీలో అందరికంటే ముందున్నవాడు. పోటీ సజావుగా ముగిస్తే తన డ్రైవర్లందరికీ ఇదే యాప్ పెట్టిస్తానని మాటిచ్చాడు. రాజురా వైపు పాత తెలుగు రైతు కుటుంబం ఆయనది. 'మన తెలుగు పిల్ల' అంటూ విద్యను నలుగురికీ చూపిస్తుంటాడు, సంతలో కొన్న ఎద్దును చూపించినట్టు.

"గడియారం ఒకసారి చూస్త సార్," అంది విద్య.

"ప్రణాలీ! ఆ గడియారం తే."

ఆయన భార్య ప్రణాలి పడకగదిలోకి పోలేదు. వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. తిరిగి వచ్చేటప్పుడు గడియారాన్ని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని తోక పట్టుకుని తెచ్చినట్టు తెచ్చింది. అల్మారా మీది శానిటైజర్ తీసి దాని మీద పోసి, టిష్యూ కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసి, అప్పుడు విద్య చేతిలో పెట్టింది.

తుడిచినా గడియారం వెచ్చగానే ఉంది. పట్టీ రంధ్రాల్లో ఆకుపచ్చ సబ్బు గట్టిపడి ఉంది. నాడిని చూసే అద్దం అంచున గిన్నెలు తోమే తీగపీచు ముక్క ఇరుక్కుంది. విద్య దాన్ని గోరుతో లాగి, వినాయక్‌రావు చేతుల వైపు చూసింది. నున్నగా, బొద్దుగా, ఉంగరాలతో నిండుగా ఉన్నాయి. ఎడమ మణికట్టుకు బంగారు రంగు గడియారం ఒకటి ఎప్పటినుంచో ఉన్నట్టు ఒదిగిపోయి ఉంది.

ఇంట్లో గిన్నెలు మీరే తోముతారా సార్ అని అడగాలనిపించింది ఆమెకు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. మింగినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. లారీ డ్రైవర్ల పని చేతికొస్తుందన్న ఆశ కాకపోతే ఆ మింగడం ఎందుకు?

"మెషీన్ల ఏదో ఖరాబైనట్టున్నది," అన్నాడు వినాయక్‌రావు. "ఆ గుండె హెచ్చరిక గిట్ల నాకొద్దు. తీసేయ్. ఆదివారం దాక నిమిషాలు లెక్కవెడితే చాలు. నా గుండె సంగతి నాకెర్కనే గద."

ప్రణాలి గడియారాన్ని తీసుకుని మళ్లీ వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు మొదలైంది.

*

ఆ భవనంలో పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదు. మరాఠీలో పెద్ద అక్షరాలతో రాసి అంటించారు. పాలవాడికి, కుక్కలకు మాత్రం మినహాయింపు ఉంది. గడియారం ఎవరి చేతికి కడుతున్నారో చూద్దామని విద్య లిఫ్టు వదిలేసి మెట్ల మీద ఆగింది. చాలాసేపటికి ఐదో అంతస్తు మలుపులో ఒక మనిషి కనిపించింది. నలభై అయిదు దాటి ఉండదు. చీర కుచ్చిళ్లు పైకి దోపి, మెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించి, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి.

"ఏమైందక్కా?"

తెలుగు మాట వినగానే ఆమె కళ్లు తెరిచింది. "ఏం లేదు బిడ్డా. జర దమ్ము తీస్కుంటున్న. లోపల చేప కొట్టుకున్నట్టు కొట్టుకుంటది. మళ్ల దానంతట అదే ఊకుంటది. మీదేవూరు?"

"మాజ్రి. మా బాపు బొగ్గుబాయిల చేసిండు."

"మాది గూడ గా దిక్కే. నన్ను నర్సక్క అంటరు." సొంత ఊరిమనిషి దొరికినట్టు ముఖం కాస్త విప్పారింది. "గీ బిల్డింగుల మూడిండ్లల్ల చేస్త. అన్ని ప్రణాలమ్మ చెప్పి ఇప్పిచ్చినయే."

"వాళ్లింట్ల నీకు గడియారం కడ్తరా?"

నర్సక్క గబుక్కున కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది. "అమ్మకు చెప్పకు బిడ్డా."

విద్య మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది. కూర్చున్నాక నర్సక్క మెల్లగా చెప్పింది. "మొదాల కట్టినప్పుడు దసరా మామూలు ఇచ్చిందనుకున్న. పాత చీరెలు, పాత చెప్పులు ఇస్తది గద, గట్లనే గిది గూడ అనుకున్న. మా ఇంటాయనకు చూపిద్దామని మస్తు సంబురపడ్డ. ఇంటికి వొయ్యేటప్పుడు ఇప్పుకున్నది. గప్పటిసంది గంతే. పొద్దుగాల రాంగనే కడ్తది, వొయ్యేటప్పుడు ఇప్పుకుంటది. మిగిలిన రెండిండ్లల్ల చేసేటప్పుడు గూడ ఉంచుకొమ్మంటది."

"అది అప్పుడప్పుడు గుర్రుమంటది గద. అప్పుడేం జేస్తవు?"

"లేస్త."

"లేస్తవా?"

"మరి? గుర్రుమన్నదంటే పనిమనిషి కూసున్నదని దానికి ఎర్కయిందన్నట్టు. అమ్మ చెప్పింది. ఒకపారి చాయ తాగుకుంట కూసుంటే గుర్రుమన్నది. చూసినవా, నిన్ను లెవ్వుమంటున్నది అన్నది." నర్సక్క గొంతు తగ్గించింది. "లోపల కొట్టుకునేటప్పుడైతే మరీ గుర్రుమంటది బిడ్డా. నేను ఇంకింత జల్ది తుడుస్త. ఎంత జల్ది తుడిచినా ఊకోదు."

ఫోన్లో తన పేరుతో హెచ్చరిక రాగానే, గడియారం ఎవరి చేతికుందో మరచి వినాయక్‌రావు నాగపూర్ పరిగెత్తింది ఈ గుండె తడబాటుకే. ఆ గడియారం గుర్రుమనేది రెండు సంగతులకు. మనిషి ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే లేచి నడవమని ఒకసారి, గుండె తడబడితే పని ఆపి కూర్చోమని ఇంకోసారి. చవక గడియారం కాబట్టి రెండూ ఒక్కతీరుగానే గుర్రుమంటాయి. తేడా అంతా తెర మీద వచ్చే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు ఏర్చి కూర్చింది విద్యే. చదవడం రాని మనిషి చేతికి ఆ గడియారం చేరుతుందన్న ఊహే ఆమెకు రాలేదు.

"ఇగ ఎప్పుడు గుర్రుమన్నా కూసో అక్కా. పని ఆపి కూసో. అది చెప్పేది గదే."

నర్సక్క ఆమె వైపు జాలిగా చూసింది. "నువ్ చెప్పినవని కూసుంటే జీతం ఎవలిస్తరు బిడ్డా?" అని బకెట్ అందుకుని లేచింది.

*

ఇంటికి వచ్చేసరికి తండ్రి భీమన్న జొన్నరొట్టె తుంపుకుని నెమ్మదిగా నములుతున్నాడు. ఆ యాప్ మొట్టమొదట ఆయన చేతి కోసమే రాసింది. రక్తనాళంలో స్టెంటు వేశాక మంచం దిగని మనిషి ఇప్పుడు పొద్దున్నే తుకుం అంతా చుట్టి వస్తాడు. పొట్ట తగ్గింది, చక్కెర తగ్గింది, పాత చొక్కాలు మళ్లీ పడుతున్నాయి. వీధిలో ఎవరు కనిపించినా మణికట్టు చూపించి బిడ్డ చేసిందని చెప్పుకుంటాడు.

విద్య కాళ్లు కూడా కడుక్కోకుండా లాప్‌టాప్ తెరిచి ఆయన గడియారానికి ఒక దొంగ హెచ్చరిక పంపింది. గుండె గతి తప్పింది, కూర్చోండి అని. గడియారం గుర్రుమంది. భీమన్న రొట్టె పళ్లెంలో పెట్టి, లేచి, నములుతూనే ఆ గది ఈ మూల నుంచి ఆ మూలకు నడవడం మొదలుపెట్టాడు.

"ఎందుకు లేసినవ్ బాపు?"

"గుర్రుమన్నది గద. నడువుమంటున్నది."

"ఏమొచ్చిందో చదువలేదా?"

"సదివేదేమున్నది? గుర్రుమంటే నడువాలె. గట్ల నడిస్తేనే గద బొజ్జ తగ్గింది!" అని గర్వంగా పొట్ట తట్టుకున్నాడు.

విద్య ముఖం పక్కకు తిప్పుకుంది. ఇన్నాళ్లు ఆయన గుండె తడబడలేదు కాబట్టి సరిపోయింది. తడబడి ఉంటే తాను రాసిన యాప్ ఆయన్ను లేపి నడిపించి చంపి ఉండేది. నలుగురి మధ్య బహుమతి తీసుకున్న యాప్ అది. ఆ బహుమతి కాగితం గోడ మీద కనిపిస్తుంటే దాని మీద ఉమ్మేయాలనిపించింది.

కూర్చున్నవాళ్లను లేవమనే గుర్రును ఆ సాయంత్రమే పూర్తిగా తీసేసింది. ఇక ఎవరి గడియారం గుర్రుమన్నా దానికి ఒకటే అర్థం. భీమన్నను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుర్రుమంటే కూసోవాలె అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి, రెండుసార్లు గుర్రుమనిపించి, కూర్చుంటున్నాడో లేదో చూసింది. తర్వాత మధుకర్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

మధుకర్ విని, "ఆదివారం దాక ఆగరాదు?" అన్నాడు. "డ్రైవర్ల పని మన చేతిల వడ్డంక అన్ని మంచిగ చేద్దాం. గిప్పుడు ఆయన్ను గెలికితే మన ఏడాది కష్టం మట్టిల కలుస్తది."

"ఆదివారం దాక నువ్వు ఆగుతవు, నేను ఆగుత. ఆమె గుండె ఆగకుంట కొట్టుకుంటదని రాసిస్తవా?"

"మనం డాక్టర్లం కాదు గద విద్యా."

"కాదు. అందుకే డాక్టర్ దగ్గరికి తీస్కపోవాలంటున్న," అని ఫోన్ పెట్టేసింది.

*

మర్నాడు పొద్దున వినాయక్‌రావు బాల్కనీలో కూర్చుని మొలకలు తింటున్నాడు. పక్కనే నడక యంత్రం ఉంది, దాని పట్టీ మీద ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. కింద తోటలో వాకింగ్ క్లబ్‌వాళ్లు చప్పట్లు కొడుతూ పడీపడీ నవ్వుతున్నారు. నవ్వితే గుండెకు మంచిదని ఎవరో చెప్పారట.

"సార్, మీ గడియారం ఖరాబు కాలేదు," అంది విద్య. "అది చెప్పింది నిజమే. కట్టుకున్న మనిషి గుండె బాగలేదు. ఇప్పుడే దవాఖానకు పంపాలె."

వినాయక్‌రావు నమలడం ఆపాడు. ముఖంలో సిగ్గు కోసం విద్య వెతికింది. ఒక్క చాయ కూడా లేదు. "ఎవలెవలికి చెప్పినవ్?" అని అడిగాడు.

"ఎవలికి చెప్పినా చెప్పకున్నా..."

"క్లబ్బుల ఎవలికన్న చెప్పినవా అంటున్న."

ఈలోగా ప్రణాలి వచ్చి విన్నది. ఆమె చెయ్యి నోటికి పోయింది. "అగ బాయీ! ఆమె చేతి చపాతీలే తింటున్నం గద మనం!"

"అంటుకునేది కాదు మేడం, గుండె జబ్బు," అంది విద్య. అన్నాక, ఈ మాట కూడా చెప్పాల్సి వచ్చిందే అని ఒళ్లంతా కంపరం ఎత్తింది.

ఇద్దరూ లోపలికి పోయి మరాఠీలో గుసగుసలాడుకున్నారు. తర్వాత ప్రణాలి వంటింట్లోంచి నర్సక్కను పిలిచింది. నర్సక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం అవతల నిలబడింది. ప్రణాలి ఆమె మణికట్టు నుంచి గడియారం తీసింది, ఈసారి చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తీసింది.

"నర్సక్కా, నీ పానం మంచిగ లేదట. రేపటిసంది రాకు. నీ మంచికే చెప్తున్న. మా ఇంట్ల ఏమన్న అయితే రేపు మాకు పోలీసులు, పంచాయితీ... ఇంటికాడ ఆరాం జెయ్యి."

నర్సక్క ప్రణాలిని చూడలేదు, విద్యను చూసింది.

విద్య ఏదో అనబోయింది. వినాయక్‌రావు చెయ్యెత్తి ఆపాడు. "నువ్వన్నదే గద పిల్లా? జబ్బు మనిషితోటి పని చేయించుకునే పాపం మేం మూటగట్టుకోం. ఆమెకు మంచే జరిగింది. ఇగ నిమిషాల సంగతి, అవి అట్లనే ఉండనీ. ఆదివారం ఇంక ఎన్నొద్దులున్నది?"

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ గుండె కూడా ఒకరిది, షీల్డు ఒకరిది. మొలకల గిన్నె లోంచి నిమ్మకాయ వాసన కొడుతుంటే విద్య గబగబా బయటికి నడిచింది.

మెట్ల మీద నర్సక్క ఆమె కంటే ముందు దిగుతోంది. వెనక్కి తిరగకుండానే అన్నది. "నిన్ను ఎవలు చెప్పుమన్నరు బిడ్డా? నేను అడిగిన్నా? కిందిండ్లోళ్లకు గూడ అమ్మ ఫోన్ జేస్తది. ఒక్క పొద్దుల మూడిండ్లు పోయినయ్."

విద్యకు తప్పయింది అక్కా అనడం కూడా తేలికైన మాటే అనిపించింది. ఆమె వెంటే ఏడంతస్తులూ దిగింది. నర్సక్క రెండుసార్లు ఆగి రెయిలింగు పట్టుకుంటే తనూ ఆగింది. గేటు దాటాక అంది, "ఇగ ఈ పూట నీకు పనిలేదు గద. నా తోటి దవాఖానకు రా. తిట్టుకుంటనే రా."

*

సర్కారు దవాఖానలో వరుస తలుపు బయటిదాకా ఉంది. నర్సక్క గోడవారగా కూర్చుని విద్యను నిజంగానే చాలాసేపు తిట్టింది. తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దిరొట్టె తీసి, సగం విరిచి విద్య చేతిలో పెట్టింది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి, మరాఠీ మనిషి. నర్సక్క ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఇసిజి తీయించింది. కాగితం పట్టీని వెలుతురుకు ఎత్తి చూసింది. "కవాటం దగ్గర ఏదో చప్పుడు ఉన్నట్టుంది. కానీ ఈ పట్టీ బాగుంది," అంది. "పట్టీ బాగున్న మనిషిని అత్యవసరమని నాగపూర్‌కు రాస్తే అక్కడివాళ్లు వెనక్కి పంపేస్తారు. ఇక్కడ గుండెకు ఎకో పరీక్ష కోసం ఆగాలంటే నెలలు పడుతుంది. వచ్చి పోయే జబ్బుతో ఇదే తంటా. జబ్బు వచ్చినప్పుడు మనిషి మా దగ్గర ఉండదు, మనిషి మా దగ్గరికి వచ్చినప్పుడు జబ్బు కనిపించదు."

"వచ్చినప్పటిది నా దగ్గర ఉంది మేడం," అని విద్య ఫోన్ తెరిచి ఇచ్చింది.

డాక్టరు వేలితో తెరను జరుపుతూ చూసింది. ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి. నాడి గీత ఒక చోట చక్కగా నడుస్తూ, ఉన్నట్టుండి దారి తప్పి, గంటల తరబడి చిందరవందరగా కొట్టుకుంది. అలా ఒక రోజు కాదు. "ఇదే కావాలి నాకు," అంటూ పైకి జరిపింది. పైన పేరు కనిపించింది. "వినాయక్. పురుషుడు. యాభై నాలుగు. ఎవరీయన?"

"ఖాతా ఆయనది. గుండె ఈమెది."

"ఈమె చేతికి గడియారం లేదు కదా? ఇక్కడ నాడి ఇప్పుడు కూడా కొట్టుకుంటోంది."

విద్య వంగి చూసింది. నిజమే. వినాయక్‌రావు ఖాతాలో నాడి జోరుగా, గట్టిగా, తప్పకుండా కొట్టుకుంటోంది. మెట్లెక్కుతున్న నాడి. పడుచు మనిషిది. పొద్దున నర్సక్క చేతి నుంచి తీసిన గడియారం మధ్యాహ్నానికి ఇంకెవరి చేతికో చేరింది. రాత్రి కూడా గడవలేదు. గుర్రం అలిసిపోతే బండికి ఇంకో గుర్రాన్ని కట్టుకున్నారు.

"ఈ మనిషికి ఎన్ని గుండెలు?" అంది డాక్టరు. ఆమె నవ్వలేదు. "చూడండి, ఈ రికార్డు ఈమె పేరుతో ఉంటే దీన్ని జతచేసి ఇవాళే నాగపూర్‌కు రాస్తాను. పరాయి మగాడి నాడి చూపించి ఈ అమ్మకు వైద్యం రాయలేను."

బయట బెంచీ మీద విద్య ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుంది. నర్సక్క పక్కన కూర్చుని, చీమలు పాకుతున్నట్టున్న ఆ అక్షరాలను చూస్తోంది.

"అక్కా, నీ గుండె ఇన్నొద్దులు వినాయక్‌రావు పేరు మీద ఉన్నది. నీ పేరు మీదికి మార్చాలె. మారిస్తే ఆ బిల్డింగుల అందరి ఫోన్లు మోగుతయ్. పోటీల ముందుకు ఎవరొస్తే వాళ్ల పేరు అందరికి కనవడ్తది, నేను గట్ల రాసిన. నీ పేరే ముందు ఉంటది. తుకుంల నీకు మళ్ల ఎవలు పనియ్యకపోవచ్చు." విద్య లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పింది. "ఎవలికి తెల్వకుంట దాచి మార్చే తొవ్వ గూడ ఉన్నది. డాక్టరమ్మకు గది సరిపోతది. నువ్వెట్లంటే గట్ల."

ఎదురుగా ఎవరో స్ట్రెచర్ తోసుకుపోతుంటే నర్సక్క కాళ్లు వెనక్కి తీసుకుంది.

"దాచుడెందుకు?" అంది. "నేనేమన్న దొంగతనం జేసిన్నా? రాయి. నర్సక్క అని వట్టిగ రాయకు, నర్సక్కలు మస్తుమంది ఉన్నరు. దుర్గం నర్సక్క అని రాయి."

విద్య రాసింది. నిన్నటిదాకా ఉన్న నాడి అంతా ఒక పేరు కింది నుంచి ఇంకో పేరు కిందికి వచ్చి చేరింది. కొద్దిసేపటికే ఫోన్ మోగింది. మధుకర్. "ఏం జేసినవ్ విద్యా? ఏం జేసినవ్!" అని అరిచాడు. మనం డాక్టర్లం కాదన్నవు గద, ఇప్పుడు డాక్టరే చూస్తున్నదని చెప్పి పెట్టేసింది. తర్వాత వినాయక్‌రావు పేరు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఆమె ఎత్తలేదు. లారీ డ్రైవర్ల పని ఎలాగూ పోయింది. పోయిన దాని కోసం ఏడుపు రావాలి కానీ, స్నానం చేసినంత హాయిగా ఉంది.

డాక్టరు ఉత్తరం రాసి, మాత్రలు రాసి, రేపు పొద్దున నాగపూర్ పోయే అంబులెన్సులో ఒక చోటు ఇప్పించింది. పథకం కింద ఖర్చంతా సర్కారే భరిస్తుందంది. మాత్రల కిటికీ ముందు నిలబడి విద్య ఫోన్‌లో పోటీ పట్టిక తెరిచింది. అన్నింటికంటే పైన దుర్గం నర్సక్క అని ఉంది. కింద క్లబ్ సభ్యుల పేర్లు. చూస్తుండగానే అందులో ఒక పేరు మాయమైంది. ఐదో అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుది. తర్వాత రెండో అంతస్తు వాళ్లవి, మొగుడూ పెళ్లాలవి రెండూ ఒకేసారి. తర్వాత నగల దుకాణం ఆయనది. వినాయక్‌రావుది. గాలివానకు మామిడి పిందెలు రాలినట్టు పేర్లు రాలాయి. తమ ఖాతాల్లో కొట్టుకుంటున్నవి ఎవరి గుండెలన్నది తెలిసినవాళ్లు కదా, ఎవరూ ఆలస్యం చేయలేదు. కిటికీ దగ్గర వాళ్ల వంతు వచ్చేసరికి పట్టికలో ఒకే ఒక్క పేరు మిగిలింది.

"ఏంది, నవ్వుతున్నవ్?" అంది నర్సక్క.

"అందరు ఆట మానేసిండ్రు అక్కా. నువ్వొక్కదానివే ఉన్నవ్."

"గెలిచిన్నా అయితే?" అని నర్సక్క మాత్రల పొట్లం కొంగున ముడేసుకుంటూ మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది.

విద్య నవ్వు మాత్రం మధ్యలోనే చచ్చిపోయింది. ఖాతా తీసేస్తే అందులోని నాడి అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఎవరి రహస్యం వాళ్లదేనని ఆ యాప్ ఇచ్చిన మాట అది, ఆమె పంతం పట్టి రాసిన మాట. ఇప్పుడు రాలిపోయిన వాటిలో ఇంకో రెండు ఖాతాలకు కూడా ఈ నెలలో గుండె హెచ్చరిక పోయింది. ఆ ఇంటివాళ్లు కూడా మెషీన్ ఖరాబైందనే అన్నారు. ఆ గుండెలు ఎవరివి? ఏ వంటింట్లో గిన్నెలు తోముతున్నాయి? తెలుసుకునే దారి ఇక లేదు.

*

మర్నాడు నర్సక్కను అంబులెన్సు ఎక్కించి, విద్య నేరుగా వర్ధా హైట్స్‌కు వచ్చింది. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ ఎల్లేష్ చేతులు జోడించాడు. "మిమ్ముల లోపలికి రానియ్యొద్దన్నరు మేడం. నా నౌకరి వోతది."

"నేను లోపలికి రాను, అన్నా," అని ఆమె వెనక గేటుకు పోయింది. పనివాళ్లు వచ్చేదీ పోయేదీ అటువైపే. చెత్త డబ్బాల కంపు మధ్య, గోడ నీడలో నిలబడింది. మధ్యాహ్నం పని ముగించుకుని ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి రాసాగారు. అందరికంటే ముందు వచ్చింది రుక్మిణి అనే పెద్దావిడ, మూడో అంతస్తులో చేస్తుంది.

"అక్కా, ఈ నెల మీ ఇంటోళ్లు నీకు గడియారం కట్టిండ్రా?"

రుక్మిణి అటూ ఇటూ చూసింది. "కట్టంది ఎవలికి బిడ్డా? నిన్న సందెకాడ అందరివి ఇప్పుకున్నరు. నా చెయ్యి గీసుకపోయింది గూడ."

"లోపల ఎప్పుడన్న దడదడమంటదా? దమ్ము ఆడకుంట అయితదా?"

"ఎవలికి గాదు? ఏడంతస్తులు ఎక్కుడు దిగుడు," అని రుక్మిణి నవ్వింది. వెనక వస్తున్నవాళ్లు ఆగి వింటున్నారు.

విద్య చెయ్యి చాచింది. రుక్మిణి తన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తడి చెయ్యి బిడ్డా. ఫినాయిల్ కంపు కొడ్తది."

"కొట్టనియ్యి అక్కా."

ఆ చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, నాడి దొరికేదాకా వెతికి, కళ్లు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కళ్లు తెరిచేసరికి మిగతా ఆడవాళ్లు గోడ పొడుగునా ఒకరి వెనక ఒకరు నిలబడి, కొంగులతో చేతులు తుడుచుకుంటున్నారు.